ఆర్ట్స్ విద్యార్థికి ఉపకార వేతనం: ఇల్లు చూసి ఇచ్చారు, చదువు చూసి కాదు

డిగ్రీలో చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం వంటి విషయాలు ఎంచుకున్న విద్యార్థి ఆర్థిక సహాయం కోసం వెతకడం మొదలుపెడితే రెండు రకాల పథకాలు ఎదురవుతాయి. కుటుంబ ఆదాయాన్నో, సామాజిక వర్గాన్నో చూసి ఇచ్చేవి ఒక రకం; వీటిలో ఏ కోర్సు చదువుతున్నారన్న పట్టింపు తక్కువ. ఫలానా విషయం చదివేవారికే ఇచ్చేవి రెండో రకం. విజ్ఞాన శాస్త్రాలకూ ఇంజినీరింగ్‌కూ ఉన్నన్ని పథకాలు మన దేశంలో మానవీయ, సామాజిక శాస్త్రాలకు కనిపించవు. ఈ తేడా ఏ ఒక్క ప్రభుత్వమో ఒక్కసారిగా తెచ్చినది కాదు. ఉపకార వేతనం ఎందుకివ్వాలన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పుకుంటూ రాగా ఏర్పడినది.

తొలినాళ్లలో అసలు ఈ విభజనే లేదు. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో మొదటి పట్టా కోసం అందరూ చదివినవి వ్యాకరణం, తర్కం, అలంకార శాస్త్రం, వాటికి తోడు గణితం, ఖగోళం, సంగీతం. దాతలు డబ్బిచ్చింది మనిషిని చూసి. రాబెర్ డి సోర్బోన్ 1257 ప్రాంతంలో పారిస్‌లో కళాశాల నెలకొల్పింది మతశాస్త్రం చదివే పేద విద్యార్థుల కోసం. లేడీ ఆన్ మౌల్సన్ 1643లో హార్వర్డ్‌కు 100 పౌండ్లు ఇచ్చింది పేద విద్యార్థి పోషణ కోసం. కేంబ్రిడ్జిలో ఫీజు కట్టలేనివారు సైజర్లుగా చేరి, సేవకుల పనులు చేస్తూ చదువుకునేవారు. 1661లో ట్రినిటీ కళాశాలలో ఐజాక్ న్యూటన్ చేరింది అలాగే. చర్చికీ కొలువులకూ చదువుకున్నవారు కావాలి, చదవగలిగిన పేదవాడి దగ్గర డబ్బు లేదు. సహాయం వెనుక ఉన్న తర్కం అంతవరకే.

భారతదేశంలో ఇదే తర్కం రాజాస్థానాల ద్వారా పనిచేసింది. దీనికి అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ బి.ఆర్. అంబేడ్కర్ విద్యాభ్యాసం. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో డిగ్రీ చదివే రోజుల్లో ఆయనకు బరోడా మహారాజు మూడో శాయాజీరావు గాయక్వాడ్ నెలకు 25 రూపాయల వేతనం ఇచ్చారు. ఆయన పట్టా పొందినది అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలలో. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి కూడా బరోడా సంస్థానమే మూడేళ్లపాటు వేతనం ఇచ్చింది. డిగ్రీ స్థాయిలో ఒక సామాజిక శాస్త్ర విద్యార్థికి అందిన చిన్న మొత్తం ఒక దేశ చరిత్రలో ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదని నా అభిప్రాయం.

అయితే ఆ అంబేడ్కరే 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా షెడ్యూల్డు కులాల సమస్యలపై సమర్పించిన వినతిపత్రంలో, ఆర్ట్స్, న్యాయశాస్త్ర చదువుల వల్ల తన ప్రజలకు పెద్దగా ఒరిగేది లేదనీ, ఉన్నత స్థాయి విజ్ఞాన, సాంకేతిక విద్యే వారికి అవసరమనీ, దాని ఖర్చు వారు భరించలేరు కనుక ప్రభుత్వం ఉపకార వేతనాలు ఇవ్వాలనీ వాదించారు. దీనిని సామాజిక శాస్త్రాలపై చిన్నచూపుగా చదవడం పొరపాటు. ఖరీదైన చదువు ఎవరికి అందకుండా పోతున్నదో వారికి అది అందాలన్నది ఆయన పట్టుదల. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పదో తరగతి తరువాతి చదువుల కోసం 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతన పథకం మాత్రం ఏ ఒక్క విభాగానికో పరిమితం కాకుండా, గుర్తింపు పొందిన కోర్సులన్నిటికీ విస్తరించింది. దళిత కుటుంబాల నుంచి మొదటి తరంగా బి.ఏ.లో అడుగుపెట్టిన లెక్కలేనంతమందికి ఆధారమైంది ఆ పథకమే. అందులోనూ ఒక మెట్ల వరుస ఉన్న మాట నిజం. 2010లో సవరించిన రేట్ల ప్రకారం వృత్తి విద్యలున్న మొదటి గ్రూపులో హాస్టల్ విద్యార్థికి నెలకు 1,200 రూపాయల నిర్వహణ భత్యం ఉంటే, సాధారణ డిగ్రీలున్న మూడో గ్రూపులో అది 570 రూపాయలుగా ఉండేది. తిండి ఖర్చు కోర్సును బట్టి మారదన్న సంగతి ఈ పట్టికను తయారుచేసినవారు ఆలోచించి ఉండవలసింది.

అదే 1944లో అమెరికా, యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల కోసం జీఐ బిల్లుగా పేరుపొందిన చట్టాన్ని చేసింది. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజును, దానిపైన జీవన భత్యాన్ని ప్రభుత్వం భరించింది. ఏం చదవాలన్నది సైనికుడి ఇష్టానికే వదిలింది. సుమారు 22 లక్షల మంది ఈ చట్టం ఆసరాతో కళాశాలల్లో చేరారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు చాలా కళాశాలల తలుపులు మూసే ఉన్నాయి కనుక ఈ మేలు అందరికీ సమానంగా అందలేదు. అయినా విషయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఇంత పెద్ద ఎత్తున డిగ్రీ చదివించవచ్చునని ప్రపంచం చూసింది అప్పుడే.

అసలు మలుపు 1957 అక్టోబర్ 4న వచ్చింది. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన ఏడాది లోపే, 1958 సెప్టెంబర్‌లో, అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. చట్టం పేరులోనే చదువు రక్షణ వ్యవహారమైంది. తొలి ప్రతిపాదనలో ఉన్న ఉపకార వేతనాలను కాంగ్రెస్ తీసివేసి, వాటి స్థానంలో విద్యార్థి రుణాలను పెట్టింది. ఆ రుణాల్లో విజ్ఞాన శాస్త్రాలు, గణితం, ఇంజినీరింగ్, ఆధునిక విదేశీ భాషల్లో ప్రతిభ చూపినవారికీ, ఉపాధ్యాయులు కాదలచినవారికీ ప్రాధాన్యం ఇచ్చింది. మానవీయ శాస్త్రాల్లో విదేశీ భాషలకు, ప్రాంతీయ అధ్యయనాలకు మాత్రం నిధులు బాగానే వచ్చాయి, కానీ అవి వచ్చింది ప్రత్యర్థి దేశాలను అర్థం చేసుకోవలసిన అవసరం వల్ల. ‘దేశానికి పనికివచ్చే విషయం’ అన్న కొలత ఉపకార వేతనాల్లోకి ప్రవేశించి, తిరిగి బయటికి వెళ్లలేదు.

భారతదేశంలోనూ ఆ గాలి వీచింది. 1963లో ఢిల్లీలో 10 ఉపకార వేతనాలతో మొదలైన జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకం, మరుసటి ఏడాది 350 ఉపకార వేతనాలతో దేశమంతటికీ విస్తరించింది. అది మౌలిక విజ్ఞాన శాస్త్రాలు చదివేవారికే పరిమితం. వారికి పరిశోధన పట్టా దాకా అండగా నిలిచేది. పన్నెండేళ్ల తరువాత, 1976లో, పాఠశాల విద్యలో వచ్చిన మార్పులను అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ దాన్ని సామాజిక శాస్త్రాలకు, ఇంజినీరింగ్, వైద్యాలకు తెరిచింది. పేరులోంచి ‘విజ్ఞాన’ అన్న మాటను తొలగించింది. ఎన్‌టీఎస్‌ఈగా అందరికీ తెలిసిన ఆ పరీక్ష ద్వారా ఎంపికైన విద్యార్థి, డిగ్రీలో చరిత్ర తీసుకున్నా భౌతికశాస్త్రం తీసుకున్నా ఒకే వేతనం పొందాడు. ప్రతిభకు విషయభేదం లేదని ఒక ప్రభుత్వ పథకం ఆచరణలో ఒప్పుకున్న అరుదైన సందర్భమది. 2021లో దాన్ని నిలిపివేయడం వల్ల ఆర్ట్స్ విద్యార్థులకు జరిగిన నష్టం, వైజ్ఞానిక విద్యార్థులకు జరిగినదానికన్నా ఎక్కువ. రెండోవారికి వేరే దారులున్నాయి.

ఆ దారులేమిటో 2008 నాటి రెండు పథకాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆ ఏడాది ప్రారంభమైన ఇన్‌స్పైర్ పథకం కింద సహజ, మౌలిక శాస్త్రాల్లో డిగ్రీ చదివే 10,000 మందికి ఏటా 80,000 రూపాయల చొప్పున ఉపకార వేతనం ఏర్పాటైంది. ఆర్ట్స్ విద్యార్థులకు అటువంటిది లేదు. అదే ఏడాది వచ్చిన కేంద్ర ప్రభుత్వ కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల పథకంలో వారికి చోటు దొరికింది. అది ఏటా 82,000 మందికి, డిగ్రీ స్థాయిలో మొదట సంవత్సరానికి 10,000 రూపాయలు ఇచ్చింది. అయితే రాష్ట్రాల వాటాను సైన్స్, కామర్స్, హ్యుమానిటీస్ విద్యార్థుల మధ్య 3:2:1 నిష్పత్తిలో పంచాలన్నది నిబంధన. అంటే పన్నెండో తరగతిలో ఎన్ని మార్కులు వచ్చినా, హ్యుమానిటీస్ విద్యార్థులందరూ కలిసి పోటీపడవలసింది ఆరింట ఒక వంతు కోసం.

విషయాన్ని చూడని పథకాలు ఇతర దేశాల్లోనూ ఒత్తిడికి లోనయ్యాయి. అమెరికాలో 1972లో వచ్చిన ప్రాథమిక విద్యావకాశ గ్రాంటు, 1980 నుంచి సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరుతో నడుస్తున్నది. పేద విద్యార్థి ఏ విషయం చదివినా తిరిగి కట్టనక్కర్లేని డబ్బు ఇది. 2024–25లో దీని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. 2006 నుంచి 2011 దాకా మాత్రం, పెల్ గ్రాంటుకు అర్హులైన మూడు, నాలుగో సంవత్సరాల విద్యార్థుల్లో విజ్ఞాన, సాంకేతిక, గణిత విషయాలనో, ప్రభుత్వం కీలకమని గుర్తించిన విదేశీ భాషలనో చదివేవారికి ఏటా 4,000 డాలర్ల వరకు అదనంగా ఇచ్చారు. ఒకే ఆదాయం ఉన్న రెండు కుటుంబాల పిల్లల్లో ఒకరికి కోర్సు కారణంగా రెండో గ్రాంటు దక్కింది.

బ్రిటన్‌లో 1960 నాటి ఆండర్సన్ కమిటీ సిఫారసుల వెంట 1962లో వచ్చిన విద్యా చట్టం, పూర్తికాల డిగ్రీలో చేరిన విద్యార్థులకు స్థానిక సంస్థలు గ్రాంటు ఇచ్చి తీరాలన్నది. మూడు దశాబ్దాలకు పైగా అక్కడ ఆర్ట్స్ చదువు కుటుంబానికి భారం కాకుండా నిలిచింది ఆ చట్టం వల్లనే. 1998లో ఫీజులు మొదలయ్యాయి. 2012 నుంచి ఇంగ్లండ్‌లో మానవీయ, సామాజిక శాస్త్రాల బోధనకు విశ్వవిద్యాలయాలకిచ్చే ప్రభుత్వ నిధి దాదాపుగా ఆగిపోయి, ఖర్చంతా 9,000 పౌండ్ల వరకు పెరిగిన ఫీజు మీద పడింది. ఆస్ట్రేలియా 2021లో ఇంకో అడుగు వేసి, ఉద్యోగావకాశాల పేరిట కొన్ని కోర్సుల ఫీజు తగ్గించి, చరిత్ర వంటి మానవీయ శాస్త్రాల ఫీజును రెట్టింపుకు మించి పెంచింది. సహాయం ఇవ్వకపోవడం నుంచి, ఎంచుకున్నందుకు అదనంగా వసూలు చేయడం దాకా పోయింది వ్యవహారం.

ఇంత చరిత్రలో డిగ్రీ స్థాయి మానవీయ, సామాజిక శాస్త్ర విద్యార్థులకు పనికివచ్చే పథకాలు లేకపోలేదు. అమెరికా కాంగ్రెస్ 1975లో నెలకొల్పిన హ్యారీ ట్రూమన్ ఉపకార వేతనం ప్రజాసేవలో ప్రవేశించదలచినవారిని డిగ్రీ మూడో ఏడాదిలో ఎంపిక చేస్తుంది. అమెరికాలోని దాతృత్వ సంస్థ మెలన్ ఫౌండేషన్ 1988లో మొదలుపెట్టిన ఫెలోషిప్, మానవీయ శాస్త్రాల అధ్యాపక వృత్తిలో వెనుకబడిన వర్గాల ప్రాతినిధ్యం పెంచాలని డిగ్రీ విద్యార్థులకు వేతనంతోపాటు మార్గదర్శకుడైన అధ్యాపకుణ్ణి కూడా ఇస్తుంది. 1991 చట్టంతో ఏర్పడిన బోరెన్ ఉపకార వేతనం విదేశాల్లో భాషలు నేర్చుకోవడానికి పనికివస్తుంది, బదులుగా ప్రభుత్వంలో కొంతకాలం పనిచేయాలన్న షరతు పెడుతుంది. వీటన్నిటిలోనూ డబ్బు వెనుక ఒక ప్రయోజనం ఉంది. చరిత్రను చరిత్రగా చదవడానికి ఇచ్చే డబ్బు వీటిలో కనిపించదు.

భారతదేశంలో 1969లో ఏర్పడిన సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఫెలోషిప్పులు డాక్టరేట్ స్థాయి నుంచి మొదలవుతాయి. అక్కడిదాకా చేరాలంటే విద్యార్థి మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ ఎక్కువగా సొంత ఖర్చుతోనో, ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయంతోనో పూర్తిచేయాలి. ఆదాయ పరిమితికి కొద్దిగా పైన ఉన్న కుటుంబంలో పుట్టి సమాజశాస్త్రం మీద ఇష్టం పెంచుకున్న అమ్మాయికి, 3:2:1లోని ఆ ఒక వంతు దక్కకపోతే, డిగ్రీ మూడేళ్లలో చేయి అందించేందుకు కేంద్ర స్థాయిలో చెప్పుకోదగ్గ ప్రతిభా పథకం లేదు. ఎన్‌టీఎస్‌ఈని పునరుద్ధరించడం, ఇన్‌స్పైర్‌కు సమానమైన పథకాన్ని సామాజిక శాస్త్రాల కోసం పరిశోధన మండలి ద్వారానే డిగ్రీ మొదటి ఏడాది నుంచి నడపడం, ఈ ఖాళీని పూడ్చడానికి వెంటనే చేయదగిన రెండు పనులు.