రోమ్‌లో స్టూడెంట్ కార్డు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు: అపోహలు - వాస్తవాలు

"కలోసియం స్టూడెంట్ టికెట్ 2 యూరోలే కదా అన్నా, నలుగురికీ బుక్ చేసేశాం." జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ సెలవులకు రోమ్ బయల్దేరే మన పిల్లలు సీజన్ వచ్చిందంటే చెప్పే మాట ఇది. రోమ్‌లో విద్యార్థుల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి తేల్చేద్దాం.

అపోహ: యూరప్ యూనివర్సిటీ ఐడీ ఉంటే చాలు, అన్నిచోట్లా తగ్గింపే.

ఆ 2 యూరోల టికెట్ విద్యార్థులది కాదు. 18 నుంచి 25 ఏళ్ల వయసున్న యూరోపియన్ యూనియన్ పౌరులది. మీరు చదువుతున్నారా, ఉద్యోగం చేస్తున్నారా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదో చూస్తారు. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ చూపించినా లాభం లేదు.

ఈ పొరపాటు చాలావరకు పారిస్ నుంచి వస్తుంది. లూవ్ర్ మ్యూజియంలో 26 ఏళ్లలోపు వాళ్లు యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో నివసిస్తుంటే చాలు, ప్రవేశం ఉచితం. అంటే అక్కడ నివాసం చూస్తారు, ఇక్కడ పౌరసత్వం చూస్తారు. పారిస్‌లో పర్మిట్ చూపించి దర్జాగా లోపలికెళ్లినవాళ్లు రోమ్‌లోనూ అంతే అనుకోవడం సహజం. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఎవరో రీల్‌లో చెప్పారని, అధికారిక పేజీలో ఉన్న ఆ ఒక్క వాక్యం చదవకుండా డబ్బు కట్టేయకండి.

గేటు దగ్గర జరిగేది ఇది. కలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, దాన్ని పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. భారత పాస్‌పోర్ట్ కనబడగానే తగ్గింపు చెల్లదంటారు. కట్టిన 2 యూరోలు పోతే పోయాయి, అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. సీజన్‌లో ఆ రోజు స్లాట్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. బయట "స్కిప్ ది లైన్" అంటూ తిరిగేవాళ్ల దగ్గర అదే ప్రవేశాన్ని గైడ్ టూర్ పేరుతో రెండు మూడు రెట్లు పెట్టి కొనాల్సి వస్తుంది.

కాబట్టి 18 యూరోల పూర్తి టికెట్టే తీసుకోండి, అదీ కలోసియం సొంత సైట్‌లోనే. సాధారణంగా 30 రోజుల ముందు స్లాట్లు తెరుస్తారు. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే టైప్ చేయండి. ఇంటిపేరును ముక్కలు చేసి రాస్తే గేటు దగ్గర అనవసరమైన వాదన. ఆ టికెట్ 24 గంటలు చెల్లుతుంది, పక్కనే ఉన్న ప్రాచీన రోమ్ శిథిలాలు ఫోరం, పాలటైన్ కొండ కూడా అందులోనే ఉన్నాయి. కలోసియంలోకి మాత్రం స్లాట్ ప్రకారమే రానిస్తారు. ఫోరంకు వేరే టికెట్ అమ్మజూపితే కొనకండి.

మినహాయింపులూ ఉన్నాయి. 18 ఏళ్లు నిండనివాళ్లకు ఏ దేశంవారైనా ప్రవేశం ఉచితం, ఇండియా నుంచి చెల్లెలో తమ్ముడో వస్తే ఇది గుర్తుంచుకోండి. యూరోపియన్ యూనియన్ యూనివర్సిటీల్లో ఆర్కిటెక్చర్, ఆర్కియాలజీ, ఆర్ట్ హిస్టరీ చదివేవారికి వేరే నిబంధన ఉంది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి కౌంటర్‌లో అడగండి. వాటికన్ వేరే దేశం, రూల్ కూడా వేరు. వాటికన్ మ్యూజియంలలో 25 ఏళ్ల వరకు విద్యార్థులకు తగ్గింపు నిజంగానే ఉంది, పౌరసత్వం అడగరు. మీ స్టూడెంట్ కార్డు పనికొచ్చేది అక్కడే. 26 దాటిన ఎంఎస్ విద్యార్థులు పూర్తి రేటు లెక్కేసుకోండి.

అపోహ: ఉచిత ఆదివారం వెళ్తే అంతా ఫ్రీ.

నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, కలోసియం, పాంథియాన్ ఉచితం. వాటికన్ మ్యూజియంలు మాత్రం నెలలో చివరి ఆదివారం ఉచితం, చివరి ప్రవేశం మధ్యాహ్నం 12:30కే. రెండూ కలిపేసుకుని తప్పు ఆదివారం విమానం బుక్ చేసేవాళ్లు ఎందరో. పైగా ఆ రోజున స్లాట్ రిజర్వేషన్ ఉండదు, క్యూలో నిలబడటమే. ఉన్నది రెండు రోజులైతే కలోసియానికి డబ్బు కట్టి, పగటిపూటను కాపాడుకోవడం మేలు.

అపోహ: దిగగానే 24 గంటల బస్ పాస్ కొనాలి.

సింగిల్ టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ వ్యవధిలో బస్సులు, ట్రాములు ఎన్నైనా మారొచ్చు. మెట్రోలోకి మాత్రం ఒక్కసారే ప్రవేశం (బయటకు రాకుండా ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినిలో లైన్ మారొచ్చు). 24 గంటల పాస్ 8.50 యూరోలు. ఆరు టికెట్లు వాడితే తప్ప గిట్టదు. రోమ్ మధ్యభాగం నడిచి చూసే ఊరు కాబట్టి రోజుకు రెండు మూడు టికెట్లకు మించవు. బస్సెక్కగానే టికెట్‌ను మెషీన్‌లో పంచ్ చేయడం మాత్రం మరవొద్దు. పంచ్ చేయని టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా 50 యూరోలకు పైమాటే.

ఫ్యూమిచినో ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినికి నేరుగా వెళ్లే లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 14 యూరోలు. ఎఫ్ఎల్1 రైలు 8 యూరోలు, కానీ అది టెర్మినికి పోదు. ఓస్తియెన్సేలో దిగి, పక్కనే ఉన్న పిరమిదే స్టేషన్‌లో మెట్రో బి పట్టుకోవాలి. ఆ 1.50 టికెట్‌తో ఎయిర్‌పోర్ట్ రైలెక్కకూడదు.

అపోహ: వీధి కుళాయి నీళ్లు తాగితే కడుపు చెడుతుంది.

ఊరంతా సుమారు 2,500 పోత ఇనుప కుళాయిలున్నాయి, ఇంటి కుళాయిలో వచ్చే నీళ్లే అవి. నీరు నిలవ ఉండకూడదనే వాటిని పారనిస్తారు. ముక్కులా వంగిన గొట్టం చివరను వేలితో మూయండి, పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. వంగకుండా తాగొచ్చు. జూలైలో ఒక బాటిల్ వెంట ఉంటే నీళ్ల ఖర్చు సున్నా.

"ఇండియన్స్‌ని పోలీసులు ఆపుతారట", "టెర్మిని దగ్గర దిగితే జేబు ఖాళీ అట". ఈ "అట" కబుర్లకు భయపడి ప్రయాణం మానుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వేరే షెంగెన్ దేశపు రెసిడెన్స్ పర్మిట్ చెల్లుబాటులో ఉంటే ఇటలీకి మరో వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. పాస్‌పోర్ట్, పర్మిట్ రెండూ ఒరిజినల్స్ దగ్గరుంచుకోండి, ఫొటోలు సరిపోవు. జేబుదొంగలు నిజమే, ముఖ్యంగా 64 నంబర్ బస్సులో, మెట్రో ఎ రద్దీలో. బ్యాగు ముందుకు తగిలించుకోండి, ఫోన్ వెనక జేబులో పెట్టకండి. జాగ్రత్త అంతవరకు చాలు.

అపోహ: శాకాహారులకు చవక తిండి దొరకదు.

పిజ్జా అల్ తాల్యో దుకాణాల్లో తూకం వేసి అమ్ముతారు. రేటు బోర్డు మీద ఉన్నది కిలోకా, 100 గ్రాములకా చూసుకోండి. ఎంత ముక్క కావాలో చేత్తో చూపిస్తే అంతే కోస్తారు. మార్గరీటా పిజ్జాలో చీజ్ ఉంటుంది, మారినారాలో అదీ ఉండదు. పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింట్లోనూ పంది మాంసం ఉంటుంది. కాచో ఎ పెపేలో మాంసం లేదు కానీ అందులోని పెకోరీనో చీజ్‌ను గొర్రెపిల్ల రెన్నెట్‌తో (దాని కడుపులోంచి తీసే, పాలను గడ్డకట్టించే పదార్థం) తయారుచేస్తారు, పట్టింపు ఉన్నవాళ్లకు తెలియాలి. కాఫీ నిలబడి తాగండి, పియాజ్జాలో (ఊరి కూడలిలో) కుర్చీలో కూర్చుంటే రేటు కొన్ని రెట్లు. హాస్టల్‌లో వంటగది ఉంటే వితోరియో ఎమాన్యుయేలే మెట్రో దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌కు ఉదయాన్నే వెళ్లండి. బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. ఆదివారం మూసేస్తారు.

అపోహ: డబ్బు కట్టకపోతే గొప్ప కళ చూడలేం.

చిత్రకారుడు కరవాజ్జో వేసిన సెయింట్ మత్తయి చిత్రాలు మూడూ సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజి చర్చిలో ఉన్నాయి. మరో రెండు సాంతా మరియా దెల్ పోపొలోలో, ఇంకొకటి సాంత్ అగోస్తీనోలో. మైకేలాంజెలో మోషే శిల్పం సాన్ పియెత్రో ఇన్ విన్కోలిలో ఉంది. వీటన్నింటికీ టికెట్ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. చాలా చర్చిలు మధ్యాహ్నంపూట మూడు నాలుగు గంటలపాటు మూసేస్తారు, అందుకని ఉదయం పదికల్లా మొదలుపెట్టండి. చిత్రం చీకట్లో ఉంటే పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. చిల్లర జేబులో ఉంచుకోండి.