85-0 కంటే ముందే ఓడిన జట్టు

1939 అక్టోబరు 21న స్టాగ్ ఫీల్డ్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం చేతిలో షికాగో విశ్వవిద్యాలయం 85-0తో ఓడింది. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని దూసుకెళ్లే అమెరికన్ ఆట. బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్; దానికి 6 పాయింట్లు, ఆ వెంటనే స్తంభాల మధ్యకు తన్నితే ఇంకొకటి. 85 అంటే డజను టచ్‌డౌన్‌ల లెక్కన్నమాట. రెండు నెలలు తిరిగేసరికి, డిసెంబరు 21న, షికాగో విశ్వవిద్యాలయ ట్రస్టీలు జట్టునే ఎత్తేశారు. అందుకే ఆ ఒక్క మ్యాచే జట్టును ముంచిందని చెబుతుంటారు. అసలు సంగతి పదేళ్ల వెనక ఉంది.

మరూన్స్ అని పిలిచే ఈ షికాగో జట్టు ఒకప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాల బిగ్ టెన్ లీగ్‌ను ఏలింది. 1892 నుంచి 1932 దాకా కోచ్‌గా ఉన్న అమోస్ అలోంజో స్టాగ్ ఏడు టైటిళ్లు తెచ్చాడు. చివరిది 1924లో. 1929లో ముప్పై ఏళ్ల రాబర్ట్ హచిన్స్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడయ్యాడు. చదువుల చోట టికెట్ల వ్యాపారం ఏమిటన్నది ఆయన వాదన. డెబ్బై ఏళ్లు నిండిన స్టాగ్‌ను ఇంటికి పంపి, ఆ స్థానంలోకి క్లార్క్ షానెసీని తెచ్చారు.

మంచి ఆటగాళ్లు రాకపోవడానికి కారణాలు మైదానంలో లేవు, చదువు నిబంధనల్లో ఉన్నాయి. 1931లో వచ్చిన కొత్త విధానంలో హాజరుతో పనిలేదు; పెద్ద పరీక్షలు నెగ్గితేనే గట్టెక్కేది. వేరే చోట్ల ఆటగాళ్లకు ఆసరా అయిన వ్యాయామ విద్య డిగ్రీ ఇక్కడ లేదు. ఆట చూసి ఇచ్చే స్కాలర్‌షిప్పూ లేదు. 1935లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే తొట్టతొలి హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన జే బెర్వాంగర్ ఈ జట్టువాడే. ఆ ఏడాది కూడా జట్టు నాలుగు గెలిచి నాలుగు ఓడింది. ఒక్కడు ఎంతని లాగగలడు?

పైగా అప్పటి నిబంధనలు చిన్న జట్టుకు ఉరితాడు. దాడికి ఒక బృందం, కాపుదలకు ఒక బృందం అనే పద్ధతి లేదు. అదే పదకొండు మంది రెండూ చేయాలి. క్వార్టర్, అంటే మ్యాచ్‌లో నాలుగో వంతు, మధ్యలో బయటికి వచ్చినవాడు మళ్లీ ఆ క్వార్టర్‌లో దిగకూడదు. బెంచి మీద మంచి ఆటగాళ్లున్న జట్టు వంతులవారీగా తాజా కాళ్లను దించుతుంది. లేని జట్టు అలసిన కాళ్లతోనే అడ్డుపడాలి. ఆధిక్యం పెరిగేకొద్దీ స్కోరు అడ్డూ అదుపూ లేకుండా పోయేది అందుకే.

1939 సీజన్ మొదట్లోనే సంగతి తెలిసిపోయింది. సెప్టెంబరు 30న బెలాయిట్ అనే చిన్న కాలేజీ 6-0తో ఓడించింది. తర్వాత వాబాష్‌పై 12-2 గెలుపు. ఆపైన హార్వర్డ్ 61, మిషిగన్ 85, వర్జీనియా 47, ఒహాయో స్టేట్ 61; షికాగోకు నాలుగింటా సున్నా. ఓబర్లిన్‌పై 25-0తో కాస్త ఊపిరి పీల్చుకున్నా, చివరి మ్యాచ్‌లో ఇల్లినాయ్ 46-0తో ముగించింది. ఎనిమిది మ్యాచ్‌లు, రెండు గెలుపులు. చేసిన పాయింట్లు 37, ఇచ్చినవి 308. బిగ్ టెన్ జట్లతో ఆడిన మూడు మ్యాచ్‌లూ కలిపితే 192-0.

తప్పు కోచ్‌దా? 1940లో షానెసీ స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు. దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌ను బంతి అందించే సెంటర్ వెనకే ఆనించి నిలబెట్టి, బంతితో పరుగెత్తే ముగ్గురు బ్యాక్‌లను వెనక వరసలో పెట్టే టీ ఫార్మేషన్‌తో ఆ సీజన్ అన్ని మ్యాచ్‌లూ గెలిచాడు. 1941 జనవరి 1న, సీజన్ చివర జరిగే పేరున్న మ్యాచ్ రోజ్ బౌల్‌లో నెబ్రాస్కాను 21-13తో ఓడించాడు. కోచ్ అదే మనిషి, మారింది చేతికి దొరికిన కుర్రాళ్లు.

ఆట పోయాక స్టాగ్ ఫీల్డ్ పశ్చిమ స్టాండ్ల కింద ఉన్న స్క్వాష్ ఆట కోర్టులో 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి బృందం తొలి అణు రియాక్టర్‌ను నడిపింది. 1946లో విశ్వవిద్యాలయం బిగ్ టెన్ నుంచే తప్పుకుంది. 1969లో ఫుట్‌బాల్ తిరిగొచ్చింది గానీ, మిషిగన్‌లాంటి జట్లతో కాదు. 2017లో షికాగో చేరిన చిన్న కాలేజీల లీగ్ మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో బెలాయిట్ కూడా ఒక జట్టు.