ఫార్‌స్టర్ పిరికివాడా? అపోహలు - వాస్తవాలు

పీజీ ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ పాఠం ఎత్తుకోగానే ప్రతి ఏడూ ఎవరో ఒకరు అనే మాట: “గే అయ్యుండి బతికినంతకాలం దాచుకున్నాడు, పిరికివాడు సార్.” అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

1885 చట్టం ప్రకారం ఇంగ్లండులో ఇద్దరు మగవాళ్ళ సంబంధం తలుపులు మూసిన గదిలోనైనా నేరమే. 2 ఏళ్ళ దాకా కఠిన జైలు. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కి పడింది అదే. అప్పటికి ఫార్‌స్టర్‌కి 16 ఏళ్ళు. అది చూస్తూ పెరిగినవాడు 1913-14లో ‘మారిస్’ నవల రాశాడు. అందులో ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుంటారు, కథ చివర కలిసే ఉంటారు. అచ్చు వేయడానికి చిక్కంతా అక్కడే. ఉరితోనో ఆత్మహత్యతోనో ముగించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదని ఆయనే రాశాడు. అయినా ఆ సుఖాంతాన్ని వదులుకోలేదు. నమ్మినవాళ్ళకి చదవమని ఇచ్చాడు, దశాబ్దాలపాటు దిద్దుతూనే ఉన్నాడు. 1970లో పోయాడు, 1971లో పుస్తకం వచ్చింది. 1928లో ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ మీద రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన నవల మీద దాడి జరిగితే, మరో రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌తో కలిసి పత్రికలో నిరసన తెలిపిందీ ఈయనే. పిరికివాడు చేసే పనులా ఇవి?

రెండేళ్ళ క్రితం క్లాసయ్యాక వెనక బెంచీ కుర్రాడొకడు ఆగిపోయాడు. పెన్ను మూత తీస్తూ పెడుతూ, “ఇంట్లో చెప్పలేనివాళ్ళంతా పిరికివాళ్ళేనా సార్?” అన్నాడు. కాదు నాన్నా, ఎవరింట్లో ఎంత ప్రమాదముందో వాళ్ళకే తెలుస్తుంది, చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం అన్నాను. ఆ మాట విసిరేవాళ్ళు పక్క బెంచీలో ఎవరున్నారో చూసుకోరు.

1924లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవల వచ్చాక ఫార్‌స్టర్ సరుకైపోయి రాయడం మానేశాడంటారు. మానింది నవలలే. లోకం తనను రాయనిచ్చే ఒకే విషయమైన ఆడ మగ ప్రేమ మీద విసుగొచ్చిందని 1911లోనే డైరీలో రాసుకున్నాడు. మగవాళ్ళ సంబంధం నేరం కాదన్న 1967 చట్టంతో అందరికీ స్వేచ్ఛ వచ్చిందన్నదీ తప్పే: 21 ఏళ్ళు నిండాలి, నాలుగు గోడల మధ్యే, అదీ ఇంగ్లండు, వేల్సులలోనే.

ఫార్‌స్టర్‌కీ, ఆయన భారతీయ మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్‌కీ మధ్య ఏముందన్న పుకార్లకు లెక్కలేదు. ప్రేమించింది ఫార్‌స్టర్. మసూద్‌ది స్నేహం, అది చివరిదాకా నిలిచింది. మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టర్‌గా ఉండగా 1921లో ఫార్‌స్టర్ హైదరాబాద్ వచ్చాడు. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ మసూద్‌కే అంకితం. మా పిల్లలు ఆ అంకితం పేజీ తిప్పేసి మొదటి అధ్యాయానికి వెళ్ళిపోతారు. ఈ ఏడు పాఠం ఆ పేజీ నుంచే మొదలుపెడతాను.