జైలు గదిలో గాలికి జవాబుదారీ ఎవరు? పోల్స్‌మూర్ క్షయ కేసు నేపథ్యం

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివార్లలో పోల్స్‌మూర్ జైలు ఉంది. అక్కడ ఖైదీకి క్షయ సోకితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2012 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. అయితే ఆ జైలుకూ క్షయకూ ఉన్న సంబంధం అంతకంటే పాతది.

నెల్సన్ మండేలాను రాబెన్ దీవి నుంచి 1982లో పోల్స్‌మూర్‌కు మార్చారు. 1988 ఆగస్టులో ఆయనకు జబ్బు చేసి టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల దగ్గర నీరు చేరిందని గమనించి తీశారు, పరీక్షల్లో క్షయ అని తేలింది. తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌లో చికిత్స చేయించారు. డిసెంబర్‌లో తిరిగి పోల్స్‌మూర్ గదికి పంపకుండా విక్టర్ వెర్‌స్టర్ జైలు ఆవరణలోని ఒక ఇంటికి మార్చారు. జబ్బు తొలి దశలోనే దొరకడం, మందులు సక్రమంగా అందడం వల్ల ఆయన కోలుకున్నారు. క్షయ నయమయ్యే జబ్బేనని, ఖైదీకి కూడా నయం చేయవచ్చని ఆ ప్రభుత్వానికి అప్పుడే తెలుసు. ప్రపంచమంతా కన్నేసి ఉంచిన ఖైదీ కాబట్టి చేసింది. పేరు లేని ఖైదీల సంగతి వేరు.

వర్ణవివక్ష పాలన 1994లో ముగిసింది. కొత్త రాజ్యాంగంలోని 35వ సెక్షన్ నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో తగిన వసతి, తిండి, వైద్యం పొందే హక్కు ఇచ్చింది. చాలా దేశాల రాజ్యాంగాల్లో ఇంత స్పష్టమైన మాట కనిపించదు. కానీ అదే కాలంలో జైళ్లు నిండిపోయాయి. నేరాలపై జనంలో ఆగ్రహం పెరగడంతో 1997లో, ఇంతకు తగ్గకుండా శిక్ష వేయాలనే కనీస శిక్షల చట్టం తెచ్చారు, బెయిలు నిబంధనలూ బిగించారు. 2004 నాటికి ఖైదీల సంఖ్య 1,80,000 దాటింది. బయట హెచ్‌ఐవీ విజృంభిస్తోంది, దానితో పాటే క్షయ. గనుల్లో రాతిధూళి పీల్చిన కార్మికుల్లో ఈ జబ్బు అంతకుముందే వేళ్లూనుకుంది. అలాంటి సమాజం నుంచి రోజూ వచ్చే మనుషులను కిక్కిరిసిన గదుల్లో పెట్టి తాళం వేశారు.

ఈ కేసు వేసిన డడ్లీ లీ 1999 నవంబర్‌లో అరెస్టై ఆ గదుల్లోకే వచ్చాడు. శిక్ష పడినవాడు కాదు, విచారణ ఖైదీ. రోజులో 23 గంటల దాకా గదిలోనే. ఒక్కరి కోసం కట్టిన గదిలో ముగ్గురిని ఉంచేవారు. కోర్టు వాయిదాలకు డెబ్బైసార్ల దాకా తిప్పారు. ప్రతిసారీ కిక్కిరిసిన వ్యాను, కిక్కిరిసిన కోర్టు లాకప్పు. 2003లో క్షయ అని తేలింది. 2004 సెప్టెంబర్‌లో కోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. నాలుగేళ్లకు పైగా జైల్లో ఉండి, ఏ నేరమూ రుజువు కాకుండా, ఊపిరితిత్తుల జబ్బుతో బయటికొచ్చాడు.

అతను ప్రభుత్వంపై దావా వేశాడు. కొత్తగా వచ్చినవారిని పరీక్షించాలి, దగ్గుతున్నవారిని వేరుగా ఉంచాలి, మందులు రోజూ మింగేలా చూడాలి అని జైలు శాఖ సొంత నిబంధనల్లోనే ఉంది. పోల్స్‌మూర్‌లో అవి సరిగా అమలు కాలేదు. హైకోర్టు లీ వైపు నిలిచింది. అప్పీలు కోర్టు జైలు నిర్లక్ష్యాన్ని ఒప్పుకుంటూనే, ఏ ఖైదీ నుంచి ఏ రోజు సోకిందో లీ చెప్పలేకపోయాడు కాబట్టి పరిహారం రాదంది. ఇది ఎంత అన్యాయమైన షరతో ఆలోచించండి. కంటికి కనిపించని క్రిమి ఎవరి దగ్గులోంచి వచ్చిందో వైద్యులే చెప్పలేరు. కిటికీ తెరుచుకునే అధికారం గానీ, పక్కన ఎవరు పడుకోవాలో ఎంచుకునే వీలు గానీ లేని మనిషిని సాక్ష్యం తెమ్మన్నారు.

రాజ్యాంగ న్యాయస్థానం 5-4 మెజారిటీతో అప్పీలు కోర్టు తీర్పును కొట్టేసింది. సోకిన మూలం కచ్చితంగా చూపనక్కర్లేదు, జైలు తగిన జాగ్రత్తలు తీసుకుని ఉంటే ముప్పు తగ్గేదని తేలితే చాలని చెప్పింది.

తీర్పుకు ముందే, 2011లో, కేప్‌టౌన్ పరిశోధకులు పోల్స్‌మూర్ గదుల లెక్కలు వేశారు. అక్కడి పరిస్థితుల్లో ఏడాది ఉన్న విచారణ ఖైదీకి క్షయ క్రిమి సోకే అవకాశం 90 శాతం దాకా ఉండొచ్చని అంచనా కట్టారు. గాలి వెలుతురు కొంచెం పెంచినంత మాత్రాన ఫలితం అంతంతే, ముందు గదిలో జనం తగ్గాలి, రోగుల్ని వెతికి పట్టుకోవాలి అన్నారు. పరీక్షల విషయంలో కొంత కదలిక వచ్చింది. రెండు గంటల్లో క్షయను, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు లొంగని రకాన్ని పసిగట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాలు జైళ్లకు చేరాయి.

జనం మాత్రం తగ్గలేదు. 2015లో పోల్స్‌మూర్‌ను తనిఖీ చేసిన రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తి జస్టిస్ ఎడ్విన్ కామెరాన్ విచారణ ఖైదీల విభాగం దుస్థితిని ఘాటుగా రాశారు. 2016 డిసెంబర్‌లో వెస్టర్న్ కేప్ హైకోర్టు, ఆరు నెలల్లో ఆ విభాగంలో ఖైదీల సంఖ్యను దాని సామర్థ్యంలో 150 శాతానికి దించమంది. అంటే ఇద్దరి చోట ముగ్గురు ఉండొచ్చని కోర్టే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే జైలు అధికారి ఎవరినీ గేటు దగ్గర వద్దనలేడు. పోలీసులు పట్టుకొస్తారు, మేజిస్ట్రేట్లు రిమాండు వేస్తారు, చిన్న మొత్తం బెయిలు కూడా కట్టలేని పేదలు లోపలే ఉండిపోతారు.