డివైస్ ట్రీలో నోడ్ పూర్తి పాత్: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టడానికి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను గమనించే కంట్రోలర్లను మేము రాస్‌బెర్రీ పై 3 బోర్డుతో తయారుచేస్తున్నాము. ఒక్కో బోర్డు రెండు చెరువులను చూస్తుంది; రెండింటి ఏడీసీ (సెన్సర్ సిగ్నల్‌ను అంకెల్లోకి మార్చే) చిప్‌లకూ ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్) అడ్రస్ 48 (హెక్స్) కావడంతో మధ్యలో టీసీఏ9548ఏ మక్స్ (ఒక బస్‌ను పలు శాఖలుగా విడదీసే చిప్) పెట్టాము. బోర్డు మీద ఏ పరికరం ఎక్కడ ఉందో లినక్స్ కెర్నల్‌కు చెప్పే చెట్టు ఆకారపు వివరణే డివైస్ ట్రీ; అందులో ఒక్కో పరికరానికి ఒక నోడ్ ఉంటుంది, మొదటి నుంచి ఆ నోడ్ వరకు ఉన్న దారే దాని పూర్తి పాత్. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారిలో తరచుగా కనిపించే అపోహలివి.

అపోహ: నోడ్ పేరు, అడ్రస్ తెలిస్తే పరికరం ఏదో తెలిసినట్లే.

వాస్తవం: నోడ్ పేరు ఒకే పేరెంట్ కింద ఉన్న నోడ్‌ల మధ్య మాత్రమే ప్రత్యేకంగా ఉంటే సరిపోతుంది. మా బోర్డులో ఒక చిప్ /సాక్/ఐ2సీ@7ఈ804000/ఐ2సీ-మక్స్@70/ఐ2సీ@0/ఏడీసీ@48 వద్ద, రెండవది అదే మక్స్‌లోని ఐ2సీ@1 కింద ఉన్నాయి. లాగ్‌లో “ఏడీసీ@48 స్పందించడం లేదు” అని మాత్రమే ఉంటే, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఏ చెరువు రీడింగ్ ఆగిందో, ఏ ఏరియేటర్లు వేయాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. లాగ్‌లో నోడ్ పూర్తి పాత్‌ను ముద్రించడానికి లినక్స్ కెర్నల్‌లో 2017లో 4.13 వెర్షన్‌తో %పీఓఎఫ్ అనే ఫార్మాట్ వచ్చింది. ఆ తర్వాత నోడ్‌లోని ఫుల్_నేమ్ ఫీల్డ్‌లో, దాని పేరుకు విరుద్ధంగా, చివరి భాగం మాత్రమే మిగిలింది కనుక పాత డ్రైవర్లను ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

అపోహ: @ తర్వాత ఉన్నది సీపీయూకు కనిపించే ఫిజికల్ అడ్రస్.

వాస్తవం: అది పేరెంట్ బస్ దృష్టిలోని అడ్రస్. పై 3లో 7ఈ804000 అని రాసిన కంట్రోలర్ సీపీయూకు 3ఎఫ్804000 వద్ద కనిపిస్తుంది. ఈ మార్పిడిని పేరెంట్ నోడ్‌లోని రేంజెస్ ప్రాపర్టీ చెబుతుంది. ఐ2సీ చిప్‌కు ఉన్న 48కి అసలు మెమరీ అడ్రస్‌తో సంబంధమే లేదు.

అపోహ: పూర్తి పాత్ ఎన్నటికీ మారదు కనుక ప్రోగ్రామ్‌లో నేరుగా రాసేయవచ్చు.

వాస్తవం: మారుతుంది. పై 3 ప్రధాన చిప్‌కు చెందిన ఎస్‌డీహెచ్‌సీఐ@7ఈ300000 నోడ్ మెయిన్‌లైన్ కెర్నల్‌లో తర్వాత ఎమ్‌ఎమ్‌సీ@7ఈ300000 అయింది. నోడ్‌ను డ్రైవర్ కంపాటిబుల్ ప్రాపర్టీతో (పరికరం రకాన్ని చెప్పేది), ఇతర నోడ్‌లు ఫాండిల్‌తో (నోడ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) గుర్తించుకోవాలి. పాత్ మనుషులు చదివే లాగ్‌కు, సందేహ నివృత్తికి. యూజర్ ప్రోగ్రామ్ మాత్రం సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ పరికరాల వివరాలను ఫైళ్లుగా చూపే చోటు) ఆ పరికరం కింద ఉన్న ఆఫ్_నోడ్ లింక్‌ను అనుసరిస్తే, బస్ నంబర్లు అటూ ఇటూ అయినా సరైన నోడ్‌కే చేరుతుంది.

అపోహ: ఆఫ్_నోడ్ లింక్ చూపే నోడ్ డైరెక్టరీలోని ఫైళ్లన్నీ మామూలు టెక్స్ట్.

వాస్తవం: ఏడీసీ@48లోని రెగ్ ఫైల్‌ను క్యాట్ చేస్తే తెర మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఒక్కటే కనిపిస్తుంది. ఫైల్ చెడిపోలేదు, అందులో ఉన్నది 4 బైట్ల బిగ్-ఎండియన్ (పెద్ద విలువ బైట్ ముందుండే) సంఖ్య, చివరి బైట్ విలువ 48 (హెక్స్), ఆస్కీలో అది హెచ్. హెక్స్‌డంప్‌తో చూస్తే సరిగా కనిపిస్తుంది.