కడుపులో ఎలుకలు, కండరంలో గేట్లు

మొన్న ఏకాదశి నాడు మా పిన్ని అడిగింది: "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదరా, మరి లోపల ఈ గుడగుడ దేనికి?" ఎలుకలు పరిగెడుతున్నాయని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఎలుకకో పేరుంది, మోటిలిన్. 22 అమైనో ఆమ్లాల గొలుసు, అంటే పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్క. కడుపు ఖాళీగా ఉంటే గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి చిన్నపేగు పైభాగం నుంచి రక్తంలోకి వచ్చి, జీర్ణాశయాన్ని పిండించి, మిగిలిన తుక్కునంతా కిందికి ఊడ్పిస్తుంది.

ఇంత పని చేయించే పెప్టైడ్ కండర కణంలో అడుగైనా పెట్టదు!

ప్రకాశం బ్యారేజీని తలుచుకోండి. 70 గేట్లు. ఎత్తమని పైనుంచి ఫోనొస్తుంది. ఫోన్ చేసినాయన నీళ్లలోకి దిగడు, గేటెత్తేది లస్కర్లు. మోటిలిన్ ఆ ఫోన్ లాంటిది. కణం పొర మీది గ్రాహకం దాన్ని అందుకుంటుంది. వెంటనే లోపల ఐపీ3 అనే చిన్న అణువు పుట్టి, కణంలోని గోదాము తలుపు తీసి కాల్షియాన్ని వదులుతుంది. పొర మీది వోల్టేజి మారి బయటి కాల్షియాన్ని లోపలికి రానిచ్చే ఎల్-టైప్ గేట్లూ లేస్తాయి. కాల్షియం, కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, కండరాన్ని లాగే మయోసిన్ ప్రొటీన్ కదులుతుంది, కండరం బిగుస్తుంది. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ రక్తనాళాల్లో అడ్డుకునేది ఈ రకం గేట్లనే. మోటిలిన్ నరాల చేత కూడా పని చేయిస్తుంది గానీ, నాకు మోజు ఈ గేట్ల మీదే.

ఫోన్ రాకపోయినా అలలు మాత్రం ఆగవు. కండరాల మధ్య ఉండే కహాల్ కణాలు జీర్ణాశయంలో నిమిషానికి మూడు విద్యుత్ అలలు పుట్టిస్తూనే ఉంటాయి. ఉత్త అలకు కండరం పెద్దగా చలించదు. కృష్ణలో ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితేనే మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చినట్టు, ఇక్కడా అల ఒక గీత దాటాలి. మోటిలిన్ ఆ అలనే గీత పైకి నెడుతుంది.

బెజవాడలో వీఐపీ వస్తే దారులు మూసేస్తారు. కడుపులో వీఐపీ వస్తే కండరం వదులవుతుంది! ఈ వీఐపీ అంటే వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్, నరాల చివర్ల నుంచి వచ్చే 28 అమైనో ఆమ్లాల గొలుసు. దీని కబురుతో కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి, పొటాషియం గేట్లు తెరుచుకుంటాయి. ధనావేశం బయటికి పోయేసరికి కణం లోపల రుణావేశం పెరుగుతుంది, అల గీతను అందుకోలేదు, కాల్షియం గేట్లు లేవవు. అన్నం దిగుతుంటే జీర్ణాశయం పైభాగం సంచిలా సాగడంలో దీని వాటా ఉంది. 

రాంగ్ నంబర్లూ ఉన్నాయి. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మోటిలిన్ గ్రాహకానికే ఫోన్ కొడుతుంది. గుంటూరులో మా పక్కింటి కుర్రాడు ఆ మాత్ర వేసుకుని కడుపు మెలిపెడుతోందని గోల పెడితే, వాళ్ల నాయనమ్మ ఉప్పుతో దిష్టి తీసింది.

అన్నం పడితే మోటిలిన్ ఊడ్పు ఆగిపోతుందని పిన్నికి చెప్పాను. "ఆ ముక్క ద్వాదశి పారణప్పుడు చెప్పరా," అంది.