అడ్రినలిన్ పేచీకి అసలు మలుపు పెర్త్‌లో

గుండె ఆగిన మనిషికి అడ్రినలిన్ ఎక్కించడం వల్ల ఒరిగేది ఎంత? ఈ పాత పేచీ మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు 2024లో వచ్చిన పారామెడిక్-3 ఫలితాలు. బ్రిటన్‌లో 6,082 మందిపై జరిగిన ఈ ట్రయల్‌లో మందును ముందుగా నరం ద్వారా ఇవ్వాలనుకున్నవాళ్లలో 30 రోజులకు 5.1 శాతం, ఎముక ద్వారా ఇవ్వాలనుకున్నవాళ్లలో 4.5 శాతం బతికారు. చెప్పుకోదగ్గ తేడా కాదు. దాంతో దారి గురించి వేసిన ప్రశ్న కాస్తా మందు మీదికి మళ్లింది. 2025 అక్టోబరులో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు మాత్రం మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అన్న పాత లెక్కనే ఉంచాయి.

అడ్రినలిన్‌ను ఎవరు వేరుచేశారు, కుక్కల మీద ఎవరు ప్రయోగించారు అన్నది తెలిసిన కథే, వదిలేద్దాం. అసలు మలుపు పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంది.

2006లో ఇయాన్ జేకబ్స్ బృందం అక్కడ ఓ పెద్ద సాహసం చేసింది. సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉత్త సెలైన్. ఏ సిరంజిలో ఏముందో ఇచ్చేవాళ్లకూ తెలియదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అంబులెన్స్ సర్వీసులు కలిసి దాదాపు 5,000 మందిని చేర్చాలన్నది ప్లాన్. కానీ పోయే ప్రాణానికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారా అంటూ పత్రికల్లో, రాజకీయాల్లో గోల లేచింది. మిగతా సర్వీసులు తప్పుకున్నాయి. చివరికి లెక్కకు దొరికింది 534 మంది. ఇంటికి వెళ్లినవాళ్లు అడ్రినలిన్ వైపు 4.0 శాతం, సెలైన్ వైపు 1.9 శాతం. వినడానికి రెట్టింపే, కానీ అంత తక్కువ మందితో అది మందు మహిమో కాకతాళీయమో తేలదు. ఆ రోజు గోల చేసినవాళ్లు నిజంగా రోగుల పక్షాన ఉన్నారా అన్నది నా అనుమానం. సరైన పరీక్ష లేని మందును అప్పటికే దశాబ్దాలుగా ఎవరినీ అడక్కుండానే ఎక్కిస్తున్నారు కదా!

పెర్త్‌లో తెగని లెక్కను బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన గావిన్ పెర్కిన్స్ బృందం అందుకుంది. 2014 డిసెంబరు నుంచి 2017 అక్టోబరు దాకా ఐదు అంబులెన్స్ సర్వీసులు, 8,014 మంది. అదే పారామెడిక్-2. స్పృహలేని మనిషి సంతకం పెట్టలేడు కాబట్టి, బతికి బయటపడ్డాక అడిగే పద్ధతి పెట్టారు. వద్దనుకునేవాళ్లు ముందే అడిగితే ‘నో స్టడీ’ అని చెక్కిన స్టీలు కడియం పంపేవారు, చేతికి వేసుకోవడానికి. చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి మాత్రం, మీవాళ్లను ట్రయల్‌లో చేర్చామని చెప్పలేదు. విమర్శకుల ప్రధాన అభ్యంతరం ఇదే, అందులో కొంత న్యాయముంది.

2018లో ఫలితం వచ్చింది. అడ్రినలిన్ ఇచ్చినవాళ్లలో 36.3 శాతానికి గుండె మళ్లీ కొట్టుకుంది, సెలైన్ వైపు 11.7 శాతమే. అంబులెన్స్‌లో ఉన్నవాళ్లకు ఆ మానిటర్ గీత లేవడం ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. అయితే 30 రోజులకు బతికున్నది 3.2 శాతం, 2.4 శాతం. మెదడు బాగున్న స్థితిలో ఇంటికి చేరినవాళ్లు 2.2, 1.9. ఇక్కడ తేడా తేలలేదు. పైగా బతికినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు అడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 17.8.

మందును సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటే: బతికినవాళ్లు పెరిగారు కదా. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మందు ఎక్కేసరికి సుమారు 21 నిమిషాలు పట్టింది, ఇంకా ముందే ఇస్తే ఫలితం మారేదేమో అంటారు. మారొచ్చు. కానీ రోడ్డు మీద పడిపోయిన మనిషి దగ్గరికి అంబులెన్స్ వచ్చేలోపు ఎవరున్నారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

పెర్కిన్స్ బృందం తన వ్యాసంలోనే ఆ లెక్క వేసింది. ఒక్క ప్రాణం నిలవాలంటే 112 మందికి అడ్రినలిన్ ఇవ్వాలి. పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కితే 15 మందికి ఒకరు, త్వరగా గుండెకు కరెంటు షాక్ ఇస్తే ఐదుగురికి ఒకరు. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో సీపీఆర్, అంటే ఛాతీ నొక్కే పద్ధతిలో శిక్షణ మొదలుపెట్టింది ఆ 15 మందికి ఒకరు అన్న లెక్క కోసమే. దానికి సిరంజి అక్కర్లేదు.